టూ స్ట్రోక్ బండికి ఏ ఆయిల్, ఎంత, ఎలా: ఆర్‌ఎక్స్ నుంచి తైవాన్ స్ప్రేయర్ దాకా

పాత యమహా ఆర్‌ఎక్స్ 100ని ప్రాణంగా చూసుకునేవాళ్లు, పొద్దున్నే పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరే ఎక్సెల్ బండివాళ్లు, మామిడి తోటకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ ఉన్న రైతులు, మన తిరుపతి, చిత్తూరు వైపు టూ స్ట్రోక్ ఇంజన్ వాడేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే, ఏ కంపెనీ ఆయిల్ మంచిదని. కంపెనీ పేరు కంటే డబ్బా వెనక ముద్రించిన రెండక్షరాలు ముఖ్యం, వాటికంటే కొలత ముఖ్యం. ఈ రెండూ కుదిరితే, షాపులో అద్దాల వెనక వరసగా పేర్చిన చిన్న చిన్న అడిటివ్ (పెట్రోల్‌లో అదనంగా కలిపే మందు) సీసాల్లో చాలావాటి జోలికి వెళ్లే పనే ఉండదు. ఆ రెండూ ఎలా కుదుర్చుకోవాలో, ఏ అడిటివ్ దేనికి పనికొస్తుందో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదట తేల్చుకోవాల్సింది: మీది నిజంగా టూ స్ట్రోకేనా?

ఈ ప్రశ్న అనవసరం అనుకోవద్దు. టీవీఎస్ ఎక్సెల్ పేరుతో రోడ్డు మీద రెండు రకాల బండ్లు తిరుగుతున్నాయి. పాత ఎక్సెల్ సూపర్, హెవీ డ్యూటీ బండ్లు టూ స్ట్రోక్. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి, పాత బండి అమ్మి కొత్తది కొన్నవాళ్లు అలవాటు కొద్దీ బంకులో టూ టీ (టూ స్ట్రోక్ ఆయిల్) ప్యాకెట్ చించి ట్యాంకులో పోసేస్తుంటారు. ఎక్సెల్ 100కి అది అక్కర్లేదు. పొగ వస్తుంది, ప్లగ్ పాడవుతుంది, అంతే.

దీనికి తలకిందులు పొరపాటు మాత్రం ఖరీదైనది. టూ స్ట్రోక్ మిషన్‌లో ఉత్త పెట్రోల్ పోస్తే కాసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది, అంటే సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్లలో, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లలో రెండు రకాలూ దొరుకుతాయి. గుర్తుపట్టడం తేలికే. ఇంజన్‌కు అడుగున ఆయిల్ పోసే మూత, దాంతోపాటు మట్టం చూసే పుల్ల ఉంటే అది ఫోర్ స్ట్రోక్. అవి లేకుండా, పెట్రోల్ ట్యాంకు మూత మీద పెట్రోల్ బంకు బొమ్మ, పక్కన ఆయిల్ చుక్క బొమ్మ, ఏదైనా నిష్పత్తి అంకె ఉంటే అది టూ స్ట్రోక్. గేర్ల బండ్లలో మాత్రం గేర్ బాక్సు ఆయిల్ మూతను చూసి మోసపోవద్దు. ఆర్‌ఎక్స్‌కు గేర్ బాక్సు ఆయిల్ వేరు, టూ టీ ఆయిల్ వేరు. ఒకదాని చోట ఒకటి పోయకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ నిలవ ఉండే చోటు లేదు. గాలి, పెట్రోల్, ఆయిల్ మూడూ కలిసి ముందు క్రాంక్ ఉన్న గదిలోకి వెళ్తాయి. అక్కడ క్రాంక్ బేరింగులను, కనెక్టింగ్ రాడ్ బేరింగులను తడిపి, పైకి వెళ్లి సిలిండర్ గోడలను తడిపి, చివరికి పెట్రోల్‌తో పాటే కాలిపోతాయి. ప్రతి చుట్టుకూ కొత్త ఆయిల్ రావాల్సిందే. రాని నిమిషంలో లోహం మీద లోహం రాసుకుంటుంది.

రెండోది: పంపు బండా, కలిపే బండా?

ఆర్‌ఎక్స్ 100లో ఆటోలూబ్ అనే పంపు ఉంటుంది. ఆయిల్‌కు విడిగా ట్యాంకు, అక్కడి నుంచి సన్నటి పైపు, ఇంజన్‌తో తిరిగే చిన్న పంపు. ఈ పంపుకు యాక్సిలరేటర్ కేబులు కూడా తగిలించి ఉంటుంది. మెల్లగా పోతే తక్కువ, గట్టిగా తిప్పితే ఎక్కువ ఆయిల్ వెళ్తుంది. పెట్రోల్‌లో కలిపే పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు, ఐడిలింగ్‌లోనూ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు) అదే పాళ్లు, పరుగులోనూ అదే పాళ్లు.

చాలామంది మెకానిక్కులు ఆర్‌ఎక్స్ చేతికి రాగానే, "పంపు నమ్మలేం నా, తీసి పక్కన పెట్టి పెట్రోల్‌లోనే కలుపుకో" అంటారు. నా అభిప్రాయం వేరు. పంపు బాగుంటే తీయకండి. తీసేయాల్సిన పరిస్థితులు రెండే: లోపల అరిగి ఆయిల్ సరిగా తోయకపోవడం, మంచి విడిభాగం దొరక్కపోవడం. పంపు ఉన్న బండికి పెట్రోల్‌లో కూడా ఆయిల్ కలిపితే రెట్టింపు పొగ, రెట్టింపు మసి. రీబోరు (అరిగిన సిలిండర్‌ను మళ్లీ తొలిపించడం) చేయించిన కొత్తలో మెకానిక్ చెబితే మొదటి ట్యాంకుకు కాస్త కలపడం పర్వాలేదు, అలవాటుగా వద్దు.

పంపు సరిగా ఉందో లేదో ఇలా చూడాలి. పంపు పుల్లీ మీద ఒక గీత ఉంటుంది. యాక్సిలరేటర్ కేబులు సర్దుబాటు సరిగ్గా ఉంటే, మాన్యువల్ చెప్పిన స్థితిలో ఆ గీత ఎదురుగా ఉన్న గుర్తుకు సరిపోవాలి. కేబులు సాగితే పంపు వెనకబడుతుంది, ఆయిల్ తగ్గుతుంది. క్లచ్ కేబులు సర్దినంత తరచుగా దీన్ని ఎవరూ చూడరు. ఇంజన్ సర్వీసు చేయించిన ప్రతిసారీ పక్కన నిలబడి అడిగి చూపించుకోండి.

ఆయిల్ ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఎండిపోయిందంటే, మళ్లీ ఆయిల్ పోసి కిక్ కొడితే సరిపోదు. పైపులో గాలి బుడగలు నిలుస్తాయి, పంపు గాలినే తోస్తుంది. పంపు మీద ఉండే చిన్న బ్లీడర్ స్క్రూ తీసి, బుడగలు లేకుండా ఆయిల్ ధారగా వచ్చేదాకా కారనిచ్చి బిగించాలి. తర్వాత ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోల్ కొంచెం పోసి, పంపు కేబులును చేత్తో పూర్తిగా లాగి పట్టుకుని, ఇంజన్‌ను ఐడిలింగ్‌లో కాసేపు నడపాలి. పైపులో మిగిలిన గాలి కూడా పోతుంది. కలిపిన పెట్రోల్ లేకుండా ఈ పని చేయకండి. గాలి పోయేలోపు ఇంజన్‌కు దిక్కు అదే.

మూడోది: డబ్బా వెనక రెండక్షరాలు

టూ టీ ఆయిల్ డబ్బా వెనక జాసో అనే జపాన్ ప్రమాణం పేరు, దాని పక్కన ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని రెండక్షరాలు ఉంటాయి. మనకు కావాల్సింది అక్కడే ఉంది. ఒక ప్రామాణిక ఆయిల్‌కు 100 మార్కులు అనుకుని, దాంతో పోల్చి ఈ తరగతులు నిర్ణయిస్తారు.

జారుడు గుణం, అంటే లోహాన్ని కాపాడే శక్తి, మూడు తరగతులకూ కనీసం 95 ఉండాలి. అంటే చవక ఎఫ్‌బీ కూడా ఇంజన్‌ను సీజ్ కానివ్వకుండా (పిస్టన్ పట్టేయకుండా) కాపాడే విషయంలో అదే గీత దాటాలి. తేడా అంతా శుభ్రతలో, పొగలో. పిస్టన్‌ను, రింగులను మసి పట్టకుండా ఉంచే గుణానికి ఎఫ్‌బీ 85 తెచ్చుకుంటే చాలు, ఎఫ్‌సీకి 95 కావాలి, ఎఫ్‌డీకి 125 కావాలి. పొగ విషయంలో ఎఫ్‌బీకి 45, మిగతా రెంటికీ 85. సైలెన్సర్ పూడుకుపోకుండా ఉండే గుణానికి ఎఫ్‌బీకి 45, మిగతా రెంటికీ 90. ఈ అంకెలు ఎంత పెద్దవైతే అంత మంచిదని లెక్క.

ఈ అంకెలు తెలిశాక ఎంపిక కష్టం కాదు. ఎఫ్‌బీ వద్దు. రోజూ ఊళ్లో తిరిగే ఎక్సెల్‌కు, పాత స్కూటర్‌కు మంచి ఎఫ్‌సీ సరిపోతుంది. ఆర్‌ఎక్స్‌ను దూరాలు నడిపేవాళ్లు, బ్రష్ కట్టర్‌ను గంటల తరబడి ఫుల్ రేసులో ఉంచేవాళ్లు ఎఫ్‌డీకి వెళ్లండి. అక్కడ వేడి ఎక్కువ, రింగులు మసితో అతుక్కుపోయే అవకాశం ఎక్కువ. ప్రభుత్వ చమురు కంపెనీల సర్వో, మాక్, హెచ్‌పీ ఆయిళ్లయినా, క్యాస్ట్రాల్, మోటుల్ లాంటివైనా ఒకే కంపెనీ రెండు మూడు తరగతుల్లో అమ్ముతుంది. కాబట్టి పేరు చూసి కాదు, వెనక అక్షరాలు చదివి కొనండి. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం గుర్తులు కనిపిస్తే ఎల్-ఈజీసీ అంటే ఎఫ్‌సీకి, ఎల్-ఈజీడీ అంటే ఎఫ్‌డీకి సాటి. ఏపీఐ టీసీ అనే అమెరికా ప్రమాణం కూడా ఉంటే ఇంకా మంచిది.

టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే మాత్రం తీసుకోకండి. ఏపీఐ టీసీలాగే కనిపిస్తుంది గానీ అది నీళ్లతో చల్లబడే పడవ ఇంజన్ల కోసం చేసిన ఆయిల్. గాలితో చల్లబడే మన బండ్ల వేడికి అది తగదు. రేసింగ్ అని పెద్దక్షరాలతో రాసిన ఆయిళ్లు కూడా ఊరి బండికి వద్దు. అవి ఎప్పుడూ పూర్తి వేగంలో తిరిగే ఇంజన్‌కు చేసినవి. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగి, కదిలి, మళ్లీ ఆగే బండిలో అవి సరిగా కాలక, సైలెన్సర్ లోపల జిడ్డుగా పేరుకుంటాయి.

ఫోర్ స్ట్రోక్ బండ్ల 20డబ్ల్యూ40 ఆయిల్ పెట్రోల్‌లో కలపడం ఇంకో దురలవాటు. అందులో ఉండే లోహపు రసాయనాలు కాలి బూడిదవుతాయి. ఆ బూడిద పిస్టన్ తల మీద, ప్లగ్ కొనల మధ్య పేరుకుని నిప్పుకణంలా రగులుతుంది, స్పార్క్ కంటే ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. పిస్టన్‌కు చిల్లు పడటానికి ఇదొక దారి.

లూజుగా అమ్మే ఆయిల్ ఎంత చవకైనా వద్దు. ఢిల్లీలో 1998 చివర్లోనే లూజు టూ టీ ఆయిల్ అమ్మకాన్ని నిషేధించారు. అందులో ఏం కలిసిందో కొనేవాడికి తెలిసే దారే లేదు. బంకులోనో, కంపెనీ డీలర్ దగ్గరో సీలు ఉన్న డబ్బా కొనండి. మూత రింగు తెగి ఉందా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ డబ్బా మీద చెరగకుండా ఉన్నాయా చూడండి. ఖాళీ అయిన డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. ఖాళీ డబ్బాలే నకిలీ ఆయిల్‌కు ఇళ్లు.

నాలుగోది: కొలత

నిష్పత్తి అంకె కనబడితే భయపడాల్సిన పని లేదు. వెయ్యిని ఆ అంకెతో భాగించండి, లీటరు పెట్రోల్‌కు ఎన్ని మిల్లీలీటర్ల ఆయిల్ కావాలో వస్తుంది. 20:1 అంటే 50 మి.లీ. 25:1 అంటే 40. 32:1 అంటే 31. 40:1 అంటే 25. 50:1 అంటే 20. పాత మాన్యువళ్లలో 2 శాతం, 4 శాతం అని ఉంటే, అవి వరసగా 20 మి.లీ., 40 మి.లీ.

ఏ నిష్పత్తి అన్నది మీ బండి మాన్యువల్, మిషన్ మూత చెప్పాలి. పక్కింటివాళ్ల బండి కాదు. బ్రష్ కట్టర్లలో కొన్ని కంపెనీలు తమ సొంత ఆయిల్‌తో అయితే 50:1, వేరే ఆయిల్‌తో అయితే 25:1 అని రాస్తాయి. ఆ చిన్నక్షరాలు చదవకుండా మామూలు ఆయిల్‌ను 50:1లో పోస్తే అవసరమైన దాంట్లో సగమే పోసినట్టు.

అసలు చిక్కు మన కొనుగోలు అలవాటులో ఉంది. బంకులో ఎవరూ రెండు లీటర్లు పోయమని అడగరు. "రెండొందలకు పోయ్ నా" అంటారు. ఆయిల్ ప్యాకెట్ మాత్రం 20 మి.లీ.గానో 40 మి.లీ.గానో వస్తుంది. ఈ రెంటికీ పొంతన ఉండదు. కాబట్టి మీటర్ మీద రూపాయలు కాకుండా లీటర్ల అంకె చూడండి. 1.83 లీటర్లు అని పడితే, 40:1 బండికి 46 మి.లీ. కావాలి. ఫోన్‌లో ఒక్క గుణకారం చాలు. ఇంకా తేలికైన దారి కావాలంటే, రూపాయల లెక్క మానేసి లీటర్ల లెక్కలో కొనడం అలవాటు చేసుకోండి.

కొలవడానికి డబ్బా మూతను నమ్మకండి. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి దొరుకుతుంది. పాడి పశువులున్న ఇంట్లో ఇంకా పెద్దది ఉండే ఉంటుంది. సూది తీసేసి, ఒక కొత్త సిరంజిని ఆయిల్‌కే కేటాయించి డిక్కీలో పెట్టుకోండి. ఆయిల్‌లోకి ముంచి మెల్లగా లాగితే బుడగ రాదు. బుడగ వస్తే కొలత తప్పుతుంది, తోసేసి మళ్లీ లాగండి. కొన్నాళ్లకు లోపలి రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది, అప్పుడు మార్చేయండి.

జాగ్రత్త కోసమని కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే కదా అంటారు. కాదు. ఆయిల్ పెరిగిన మేరకు కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం) జెట్ అనే సన్న కన్నం గుండా వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది. మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. పలచటి మిశ్రమంతో ఇంజన్ వేడెక్కుతుంది. కాపాడదామని పోసిన ఆయిలే వేడి పెంచుతుంది. పైగా ప్లగ్ తడవడం, ఎగ్జాస్ట్ దారి మూసుకోవడం సరేసరి.

కలిపే పద్ధతి

ఆయిల్ పెట్రోల్ కంటే బరువు. పెట్రోల్ మీద ఆయిల్ పోసి వదిలేస్తే అది అడుగుకు దిగి, సరిగ్గా పెట్రోల్ కాక్ (పెట్రోల్ తెరిచి మూసే కుళాయి) దగ్గర కూర్చుంటుంది. కిక్ కొట్టగానే ముందు వెళ్లేది చిక్కటి ఆయిలే. జెట్ మూసుకుంటుంది, ప్లగ్ తడుస్తుంది. అందుకే బంకులో ఈ వరస పాటించండి. కాక్ మూయండి. ముందు ఆయిల్ పోయండి. దాని మీద పెట్రోల్ పట్టించండి, ఆ ధార వేగానికే సగం కలుస్తుంది. మూత పెట్టి బండిని అటూ ఇటూ బాగా ఊపండి. అప్పుడు కాక్ తెరవండి.

స్ప్రేయర్, బ్రష్ కట్టర్లకైతే వాటి ట్యాంకులోనే కలపకండి. పెట్రోల్‌కు తగిన గట్టి క్యాన్‌లో సగం పెట్రోల్ పోసి, ఆయిల్ అంతా పోసి, మూత బిగించి ఊపి, మిగతా పెట్రోల్ పోసి మళ్లీ ఊపండి. క్యాన్ మీద తేదీ, నిష్పత్తి మార్కర్‌తో రాయండి. నీళ్ల సీసాలో వద్దు. తోటలో పనిచేసేవాళ్లు దాహానికి ఎత్తుకునే ప్రమాదం ఉంది. వేడి ఇంజన్ మీద ఎప్పుడూ పోయకండి, కాసేపు చల్లారనివ్వండి.

ఈ20 వచ్చాక మారిన సంగతులు

2023 ఫిబ్రవరి నుంచి మన బంకుల్లోకి ఇథనాల్ అనే ఆల్కహాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ రావడం మొదలైంది, ఈ20 అంటే అదే. టూ స్ట్రోక్ వాళ్లు దీన్ని మిగతావాళ్ల కంటే శ్రద్ధగా పట్టించుకోవాలి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. ఉత్త పెట్రోల్ ఒక పాలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. పాత కార్బురేటర్ బండికి ఈ సంగతి తెలియదు, ఎప్పటి గాలే పీలుస్తుంది. కాబట్టి ఈ20తో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. బండి ఎక్కువ వేడెక్కడం, ఎక్కుడులో నీరసించడం, ప్లగ్ తెల్లబడటం కనిపిస్తే మెకానిక్‌తో మెయిన్ జెట్ ఒక సైజు పెంచే విషయం మాట్లాడండి. ముందే పెంచేయకండి, ప్లగ్ చూసి నిర్ణయించండి.

పాత రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి లేదా గట్టిపడి చీలుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి. పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్ల సంగతి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు కలుపుకుని ఉంటుంది, హద్దు దాటగానే నీళ్లు, ఇథనాల్ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. మనం కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. కార్బురేటర్‌కు వెళ్లేది అడుగున ఉన్నదే. అంటే ఆయిల్ సరిగ్గా కొలిచి పోసినా, ఇంజన్‌కు ఆయిల్ చుక్క లేని ద్రవం వెళ్తుంది. నవంబరు వానల్లో బయట తడిసిన బండి, మూత వాషర్ చెడిపోయిన బండి, ఇలాంటివాటిలో అకస్మాత్తుగా పిస్టన్ పట్టేస్తే దాని వెనక ఇదొక కారణం కావచ్చు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మునిగినట్టు నీళ్లు నిలిచినప్పుడైతే అనుమానమే అక్కర్లేదు, ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి కడిగాకే కిక్ కొట్టాలి.

పరీక్ష చేసుకోవడం తేలిక. కార్బురేటర్ కింద డ్రెయిన్ స్క్రూ తీసి, వచ్చిందాన్ని చిన్న గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీత కట్టినట్టు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ఊపితే మళ్లీ కలుస్తుందనుకోవద్దు.

పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో చూడాలనుకుంటే, 100 మి.లీ. గీతలున్న గాజు కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు, దాని మీద 90 మి.లీ. ఆయిల్ కలపని పెట్రోల్ పోసి, మూసి, మెల్లగా ఊపి, తేరుకోనివ్వండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 10 నుంచి 27, 28 దగ్గరికి పెరిగితే అది ఈ20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి, ఆ పెట్రోల్‌ను మళ్లీ బండిలో పోయకండి.

ఇప్పుడు అడిటివ్‌ల సంగతి

టూ స్ట్రోక్‌లో ట్యాంకులో పోసిందల్లా క్రాంక్ గదిలోకి, బేరింగుల మీదికి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఫోర్ స్ట్రోక్‌లో పెట్రోల్ అడిటివ్ సిలిండర్ పైభాగంతో సరిపెట్టుకుంటుంది. ఇక్కడ అలా కాదు. క్లీనర్ మోతాదు మించితే బేరింగుల మీది ఆయిల్ పొరనే కడిగేస్తుంది.

ఆక్టేన్ బూస్టర్ మనకు అక్కర్లేదు. పాత టూ స్ట్రోక్ బండ్ల కంప్రెషన్ తక్కువ, మామూలు పెట్రోల్ ఆక్టేనే ఎక్కువ. ఖరీదైన 100 ఆక్టేన్ పెట్రోల్ పోసినా ఆర్‌ఎక్స్‌కు అదనపు బలం రాదు. కొన్ని బూస్టర్లలో ఇనుము కలిగిన రసాయనం ఉంటుంది, అది ప్లగ్ పింగాణీ మీద ఎర్రటి పొరగా పేరుకుని స్పార్క్‌ను దారి తప్పిస్తుంది.

సీసం (లెడ్) అనే లోహానికి బదులుగా అని అమ్మేవి కూడా వద్దు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం లేకపోతే అరిగేవి వాల్వు సీట్లు. మన ఇంజన్‌లో అలాంటి వాల్వులే లేవు.

కార్బురేటర్ శుభ్రం చేస్తానని ట్యాంకులో పోసే సీసా కంటే, కార్బురేటర్ విప్పి క్లీనర్ స్ప్రే కొట్టి జెట్‌లు ఊదించుకోవడం మేలు. జెట్‌లో తీగ దూర్చనివ్వకండి, కన్నం పెద్దదవుతుంది. మసి తీసే అడిటివ్‌కు పెట్టే డబ్బుతో ఎఫ్‌సీ నుంచి ఎఫ్‌డీకి మారండి, ఆ పని చేసే రసాయనం అందులోనే ఉంది.

ఒక్కటి మాత్రం పనికొస్తుంది: ఫ్యూయల్ స్టెబిలైజర్. నెలల తరబడి మూలన ఉండే స్ప్రేయర్, బ్రష్ కట్టర్ ఉన్నవాళ్లకు. పెట్రోల్ చెడి బంకగా మారడాన్ని అది ఆలస్యం చేస్తుంది, తుప్పును కొంత ఆపుతుంది. తాజా పెట్రోల్‌లోనే కలపాలి. విడిపోయిన ఇథనాల్, నీళ్లను తిరిగి కలిపే శక్తి మాత్రం దేనికీ లేదు, సీసా మీద ఏం రాసినా సరే.

ఇంటి చిట్కాల్లో మైలేజీ కోసమని కలరా ఉండలు, కర్పూరం వేస్తారు. రెండూ పెట్రోల్‌లో కరుగుతాయి నిజమే. కార్బురేటర్‌లో పెట్రోల్ ఆవిరయ్యాక మళ్లీ పలుకులు కట్టి జెట్‌ను మూస్తాయి. కిరోసిన్ కలిపితే ఆక్టేన్ పడిపోయి ఇంజన్ కొట్టుకుంటుంది, పొగ పెరుగుతుంది. ఆముదం గురించి పెద్దవాళ్లు చెప్పేది పూర్తిగా కట్టుకథ కాదు, వేడికి తట్టుకునే గొప్ప నూనె అది, పాత రేసు బండ్లలో వాడేవారు. అయితే పెట్రోల్‌లో నిలకడగా కలవదు, కాలాక రింగుల దగ్గర బంకగా గట్టిపడుతుంది. ప్రతి రేసు తర్వాత ఇంజన్ విప్పి కడిగే వాళ్లకు సరిపోయింది, మనకు సరిపోదు.

ఘాట్ దిగేటప్పుడు

పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వచ్చేవాళ్లు, పీలేరు వైపు నుంచి భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి వచ్చేవాళ్లు ఇది తప్పక పాటించాలి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి గేరులో దిగుతుంటే, ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ మాత్రం చాలా తక్కువ వెళ్తుంది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపే బండికి పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. అందుకే దిగుతున్నంతసేపూ మధ్య మధ్యలో క్లచ్ పట్టి ఒకసారి యాక్సిలరేటర్ తిప్పి వదలండి. క్లచ్ లివర్ లేని ఎక్సెల్‌లో అయితే తిన్నటి చోటు చూసి కొద్దిగా తిప్పండి చాలు. పెట్రోల్ మిగులుతుందని ఇంజన్ ఆపేసి దిగడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదులుతాయి.

ప్లగ్, పొగ ఏం చెబుతాయి

కాస్త దూరం ఒకే వేగంలో నడిపి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్ విప్పండి. మధ్య పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే అంతా సవ్యం. నల్లగా, తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ లేదా పెట్రోల్ ఎక్కువ. తెల్లగా, చిన్న పొక్కులతో ఉంటే మిశ్రమం పలచగా ఉంది, ఆ బండిని అలాగే నడపకండి.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే వచ్చే పొగ మామూలే, ఇంజన్ వేడెక్కాక తగ్గాలి. ఆయిల్ కొలత సరిగ్గా ఉన్నా పొగ తగ్గకపోతే గేర్ బాక్సు ఆయిల్ మట్టం చూడండి. అది తగ్గుతుంటే క్రాంక్ ఆయిల్ సీల్ పోయి ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చుకుంటోందని అర్థం. క్రాంక్‌కు రెండో వైపు, మాగ్నెట్ పక్కన ఉన్న సీల్ పోతే పొగ రాదు, బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది, ఐడిలింగ్ దానంతటదే పెరుగుతుంది. ఈ రెంటినీ ఏ అడిటివూ బాగు చేయదు, సీల్ మార్చాల్సిందే.

పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో 2000 మార్చి 31 లోపు తయారైన బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్ 9000 పీపీఎం దాకా అనుమతి. ఆ తర్వాత తయారైన టూ స్ట్రోక్‌కు 3.5 శాతం, 6000 పీపీఎం. సైలెన్సర్ లోపలి బ్యాఫిల్, సిలిండర్ ఎగ్జాస్ట్ దారి మసి గీకించి, ఎయిర్ ఫిల్టర్ కడిగి, ఇంజన్ బాగా వేడెక్కాక తీసుకెళ్తే చక్కగా ఉన్న ఆర్‌ఎక్స్ ఈ హద్దుల్లోనే ఉంటుంది.

పని లేని నెలల్లో

మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టడం అయిపోగానే స్ప్రేయర్ మూలకు చేరుతుంది, మళ్లీ పూత వచ్చేదాకా దాన్ని ఎవరూ తాకరు. ట్యాంకులో వదిలేసిన కలిపిన పెట్రోల్‌లో పెట్రోల్ ఆవిరై, ఆయిల్, బంక మిగులుతాయి. వచ్చే ఏడు తాడు లాగితే స్టార్ట్ కాదు. చివరి రోజు ట్యాంకు ఖాళీ చేయండి. తర్వాత ఇంజన్‌ను దానంతటది ఆగిపోయేదాకా ఐడిలింగ్‌లో నడపండి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోతుంది. ప్లగ్ విప్పి, ఆ కన్నంలో అర చెంచా టూ టీ ఆయిల్ వేసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించండి. సిలిండర్ గోడలు తుప్పు పట్టవు.

కలిపిన పెట్రోల్ నెల దాటితే మిషన్‌లో వాడకండి. పొర కట్టకుండా శుభ్రంగా ఉంటే, టూ స్ట్రోక్ బండి నిండు ట్యాంకులో కొద్దికొద్దిగా కలిపి, ఆ మేరకు కొత్త ఆయిల్ తగ్గించి ఖర్చు చేయవచ్చు. పొర కట్టిందైతే ఇంజన్‌కు పనికిరాదు. దాన్ని కాలువలోనో, బోరు పక్కనో పారబోయకుండా, మూత బిగించి మెకానిక్ షాపుకు ఇవ్వండి, విడిభాగాలు కడగడానికి వాళ్లకు పనికొస్తుంది.